ఇగ్బో పల్లెలో క్రిస్మసు



డిసెంబరు నెల సగము గడచునప్పటికి నైజీరియా దేశమున రెండు ప్రయాణములు ఒక్కమారే మొదలగును. మొదటిది గాలి ప్రయాణము. సహారా ఎడారినుండి దక్షిణముగా దిగివచ్చి, పగటియెండను ధూళితో కప్పి, పెదవులను పగులజేసి, చెట్ల ఆకులపై దుమ్ముపూత పూసి, తెల్లవారుజామున పిల్లల పండ్లను టకటకలాడించెడి ఆ పొడిగాలిని హార్మటాన్ అందురు. రెండవది మనుష్యుల ప్రయాణము. లాగోసు, కానో, కడూనా, జోస్ మొదలగు దూరనగరములలో వర్తకమునకో ఉద్యోగమునకో స్థిరపడిన ఇగ్బో జనులు భార్యాబిడ్డలతో, బియ్యపు బస్తాలతో, ఒక్కొక్కప్పుడు కాళ్ళు కట్టిన మేకలతో సహా, నైజర్ నదికి తూర్పుననున్న తమ తాతముత్తాతల పల్లెలకు తరలివచ్చుట ఆ నెలలోనే. పండుగ 25వ తేదీయని క్యాలెండరు చెప్పును గాని, ఇగ్బోలకు పండుగ ఈ ప్రయాణముతోనే ఆరంభమగును. ఆ దినములలో ఎదురుపడిన బంధువును "చర్చికి పోయితివా" అని యడుగువారు అరుదు. "ఊరికి ఎప్పుడు వచ్చితివి, మరల ఎప్పుడు పోయెదవు" అని యడుగనివారు లేరు.

సంక్రాంతికి హైదరాబాదు విడిచి గోదావరి జిల్లాలకు పోవు మనవారి సందడిని చూచిన శ్రోతలకు ఈ దృశ్యము కొంత పరిచితముగనే తోచవచ్చును. కాని సంక్రాంతికి ఊరు చేరనివానిని మనలో నెవరును పంచాయతీకి పిలువరు. ఇగ్బో పల్లెలలో కొన్నిట, కొన్ని యేండ్లకొకమారు, దేశమున ఏ మూలనున్నవాడైనను ఈ క్రిస్మసుకు ఊరు చేరి తీరవలెనని కట్టుబాటు చేయుదురు; రానివాడు జరిమానా చెల్లించుకొనవలసినదే. 1916లో పోర్టు హార్కోర్టు రేవునుండి ఎనుగు బొగ్గుగనుల వఱకు రైలుమార్గము పడినది మొదలు, ఆ పట్టాలు ఉత్తరమునకు సాగినకొలది గుమాస్తాలుగను, పనివాండ్రుగను, వర్తకులుగను తామును ఉత్తరమునకు సాగిపోయిన జాతి యిది. అంతగా చెదరిపోయినవారిని ఏడాదికొకమారైనను ఒకచోట లెక్కచూచుకొనుటకు ఒక దినము కావలసివచ్చెను. మిషనరీలు తెచ్చిన పండుగ ఆ పనికి చక్కగా ఒదిగినది. వారు కోరినదానికంటె ఎక్కువగానే ఒదిగినదని నా తలంపు.

నాకీ సంగతులు పుస్తకములు చదివి మాత్రమే తెలిసినవి కావు. 1976లో నైజీరియా ప్రభుత్వము సార్వత్రిక ప్రాథమికవిద్యను ఆరంభించిన పిమ్మట అచ్చట పాఠశాలలు పెరిగి ఉపాధ్యాయులు చాలక, పరదేశములనుండి పిలిపించుకొనిరి. అట్లు మన దేశమునుండి పోయినవారిలో మా తండ్రిగారు ఒకరు. ఎనుగు పట్టణమున ఒక ఉన్నత పాఠశాలలో ఆయన గణితము చెప్పుచుండిరి. భౌతికశాస్త్రము చెప్పెడి ఇగ్బో మాస్టరుగారు మా గోడకు ఆవలి యింటివారు. వారి పెద్దకుమారుడును నేనును ఒక యీడువారము. ఒక సంవత్సరము క్రిస్మసు సెలవు లిచ్చిన దినముననే మాస్టరుగారు వచ్చి, పండుగకు మేమందఱము తమ పల్లెకు రావలెనని చెప్పి, కాదనుటకు మాకు సందు ఇయ్యక వెడలిపోయిరి. మా అమ్మకు మాత్రము సంకోచము తీరలేదు. "ఏమండీ, పండగపూట వాళ్ళ బంధువులంతా వచ్చి ఉంటారు, మధ్యలో మనం వెళ్తే బాగుంటుందా?" అన్నది. "పండగనాడు పరాయివాళ్ళు నలుగురు రాకపోతేనే వాళ్ళకి చిన్నతనమట" అని నాన్నగారి సమాధానము.

ప్రయాణము మాస్టరుగారి పెజో 504 కారులో. ఆ దినములలో నైజీరియాలో అది మర్యాదస్థుని బండి. వెనుక డిక్కీలో బియ్యపు బస్తా, రొట్టెలు, సబ్బుల పెట్టె, గుడ్డల తానులు, వీనియన్నిటి మీదను ఎండబెట్టిన కాడ్ చేపల కట్ట యొకటి. ఒక్పొరొకో అనబడు ఆ చేప నార్వే దేశమునుండి వచ్చును. సుత్తితో కొట్టినగాని విరుగదు, నానబెట్టి గంటల తరబడి ఉడికించినగాని నమలబడదు. ఐనను అది లేని పండుగ పులుసును ఇగ్బో ఇల్లాలు పులుసుగ లెక్కింపదు. కారు మిల్లికెన్ కొండదారి మెలికలు తిరుగుచు పైకెక్కి తొమ్మిదవ మైలు కూడలివద్ద ఆగగనే, తలలపై తట్టలతో ఆడువారు కిటికీలను చుట్టుముట్టిరి. వారమ్మునది ఓక్పా. బాంబారా అను ఒకజాతి వేరుసెనగ గింజలను పిండిచేసి, తాటినూనెయు మిరపయు కలిపి జారుగా చేసి, అరటియాకులో మూటగట్టి నీటిలో ఉడికించిన పసుపుపచ్చని ముద్ద. ఆకు విప్పగనే ఆవిరితోబాటు కారపు వాసన ముక్కునకెక్కినది. అంతకుముందు ఆ దేశపు తిండిని దూరమునుండి పలుకరించుచు వచ్చిన మా అమ్మ, ఆ చలిగాలిలో రెండవ మూటకు తానే చేయి చాచినది.

పల్లె ఆక్వా పట్టణమునకు సమీపమున. ఆక్వావారు తరతరములుగా కమ్మరిపనికి ప్రసిద్ధులు. ఎఱ్ఱమట్టి బాట, ఇరువైపుల నూనెతాడి చెట్లు, ఒక ప్రహరి, దానిలోపల నాలుగైదు ఇండ్లు. ముందుభాగమున ఓబీ యనెడి పురుషుల చావడి. ప్రక్కన నిలువు గడలకు వరుసగా కట్టిన యామ్ దుంపలతో నిండిన కొట్టము. అచ్చటి వ్యవసాయమున యామ్ రాజువంటి పంట. దాని కొట్టము నిండియుండుట గృహస్థునకు పరువు. "న్నో, న్నో" అని స్వాగతము చెప్పుచు వచ్చిన మాస్టరుగారి తల్లి, మమ్ము ఒక్కొక్కరిని దగ్గఱకు తీసికొని, మా అమ్మ చేతి గాజులను త్రిప్పి త్రిప్పి చూచి, ఏదియో అని నవ్వెను. ఆ మాటను మాస్టరుగారు మాకు చెప్పక తామును నవ్వి యూరకుండిరి.

చావడిలో కూర్చున్న పిమ్మట జరిగినది నాకు ఇప్పటికిని అక్షరాల జ్ఞాపకమున్నది. ఇగ్బో గృహమున కోలాగింజ పెట్టనిదే అతిథి వచ్చినట్లు కాదు. మాస్టరుగారి పెదతండ్రి, అచ్చటివారిలో వయోధికుడు, చెక్కపళ్ళెములోని కోలాను కుడిచేత ఎత్తిపట్టి, చాలసేపు ప్రార్థన చేసెను. దేవుని పేరు, పితరుల పేర్లు, ఊరి పేరు, నడుమ మా తండ్రిగారి పేరు కూడ వినబడెను. ఆయనకు ఆంగ్లము చక్కగా వచ్చును. రైల్వేలో పనిచేసి వచ్చినవాడు. ఐనను ప్రార్థనలో నొక్క ఆంగ్లపదమైనను దొరలనీయలేదు, ఏలయన కోలాకు పరభాష వినబడదని వారి విశ్వాసము. పిమ్మట గింజను చీల్చి తమ్మెలను లెక్కించెను. నాలుగు. చావడిలో అందఱి ముఖములు వికసించెను. వారి వారమునకు దినములు నాలుగే: ఎకె, ఒరియె, అఫొ, ఎన్‌క్వొ, నాలుగును నాలుగు సంతల పేర్లు. నాలుగు తమ్మెల కోలా సమృద్ధికి గుర్తు. ముక్కలను పంచుటకు చిన్నవాడు లేచెను, తీసికొనుట పెద్దలు మొదలుగ జరిగెను. స్త్రీలు కోలాను చీల్చుట ఆచారము కాదు, వారి వంతు వారికి పంపబడును. వేరుసెనగ కారపు ముద్దలో అద్దుకొని నేనొక ముక్క నోట వేసికొంటిని. ఎంత చేదు! కన్నులనీరు తిరిగినది. మాస్టరుగారి కుమారుడు నవ్వుచు నీళ్ళ చెంబు అందించెను. ఆ చేదుమీద త్రాగిన నీరు తియ్యగా నుండుట అప్పుడే తెలిసినది.

మాస్టరుగారి తమ్ముడు లాగోసునుండి సాయంకాలమునకే రావలసినవాడు అర్ధరాత్రికి వచ్చెను. నైజర్ నదిమీద అసాబాను ఒనీచాతో కలుపు వంతెన ఆనాటికి ఒక్కటే. 1965లో పూర్తియైన ఆ వంతెనకు ఆవలివైపున పగలంతయు కారులో కూర్చుండి వచ్చితినని ఆయన చెప్పుచుండగా, ఇంటిల్లిపాది అర్ధరాత్రివేళ అన్నము వడ్డించుచు, తిట్టుచు, నవ్వుచు, పండుగకు ఇంకను రాని వారెవరని లెక్కచూచుచుండిరి.

తెల్లవాఱగనే చర్చికి. నూతన వస్త్రములు ధరించిన పిల్లలు దుమ్ము తగులకుండ నడువవలెనని ప్రయత్నించుట, హార్మటాన్ దినములలో అది అసాధ్యమగుట, ఈ రెండును ఏకకాలమున జరిగెను. స్త్రీలు ఒకే రంగు వస్త్రములు జతలుగ చుట్టుకొని తలకు పెద్ద గుడ్డలు కట్టిరి. పెద్దలు కొందఱు సింహపు తలలు నేసిన అంగీలు తొడిగిరి. బిరుదు పొందినవారి తలలపై ఎఱ్ఱటోపీలు. అది ఆంగ్లికను సంఘము. లండనునందలి చర్చి మిషనరీ సొసైటీ పంపగా 1857 జులైలో సామ్యూల్ అజాయి క్రౌథర్ నాయకత్వమున ఒనీచాలో దిగిన బృందము నాటిన మొక్క. అదే సొసైటీవారు అంతకు పదునాఱేండ్లు ముందు, 1841లో, రాబర్టు నోబులును హెన్రీ ఫాక్సును మన మచిలీపట్టణమునకు పంపియుండిరి. ఒనీచాలో తొలి ఉపదేశకుడుగా నిలిచిన జాన్ క్రిస్టొఫర్ టేలర్ దొర కాడు. దాస్యమునుండి విముక్తులై సియెర్రా లియోనులో స్థిరపడిన ఇగ్బో దంపతుల కుమారుడు. తల్లిదండ్రులు సంకెళ్ళతో విడిచిన నేలకు కొడుకు బైబులుతో వచ్చెను. ఇగ్బో దేశమున క్రీస్తు కథను మొట్టమొదట వినిపించినవారిలో ఒకడు తానే ఊరికి తిరిగివచ్చిన బిడ్డ యగుట, ఆ పండుగ అక్కడ పొందిన రూపమునకు ఎంత తగియున్నది!

ఆరాధన దీర్ఘముగ సాగెను. కానుకలు వేయుటకు ఒక్కొక్క కుటుంబము వరుసగా లేచి, నాట్యముచేయుచు ముందునకు పోయెను. మాస్టరుగారు కూడ, పాఠశాలలో నవ్వని ఆ మనిషి, చేతిరుమాలు ఊపుచు అడుగులు వేసిరి. నా దృష్టి మాత్రము పైకప్పుమీద నుండెను. జింకు రేకులలో అక్కడక్కడ చిన్న చిల్లులు. వానినుండి దిగిన వెలుతురు చుక్కలు నేలమీద, ముందువరుసలోని ముసలివారి భుజములమీద మెల్లగా కదలుచుండెను. అవి తుపాకి గుండ్ల చిల్లులని మాస్టరుగారి కుమారుడు నా చెవిలో చెప్పెను. అందుకు నేను సంతోషించితినని చెప్పుటకు ఇప్పుడు సిగ్గగుచున్నది. బాలురకు తుపాకులన్న ఇష్టము.

మధ్యాహ్నపు భోజనము సంగతి. ఇంటిలోని పిల్లలు వారము దినములనుండి తలచుకొని తలచుకొని లొట్టలు వేయుచున్న పదార్థము ఏదియో అని నేనును నిరీక్షించితిని. మూత తీయగా, అన్నము! టొమాటో మిరపకాయల ఎఱ్ఱని పులుసు, కోడి ముక్క, తెల్లని అన్నము. మనకు పూటపూటకు ఉండునది అక్కడి పల్లెలలో ఆనాటికింకను పండుగలకును ఆదివారములకును మాత్రమే. తక్కిన దినములందు యామ్, కసావా, చేదాకు పులుసు. నాకు పెట్టిన అన్నమును నేను సాధారణముగ తినుచుండ, వారు మెతుకు మెతుకును ఆస్వాదించుచుండుట చూచి మా అమ్మ తన పళ్ళెములోనిది సగము చిన్నపిల్లలకు పంచినది. వారి నాయనమ్మ అది గమనించి, మఱునాడు మాకు దంచిన యామ్ ముద్దయు, చేదాకు పులుసును వండించినది. కోడి కందనకాయ ఇంటి యజమానిదే, దానిని మఱియొకరు ముట్టరాదు. ఆనాడు అది మా తండ్రిగారి పళ్ళెములో పడెను. ఆయన దాని విలువ తెలియక తీసి నాకిచ్చిరి. చావడిలో క్షణము నిశ్శబ్దము, ఆపైన పెద్ద నవ్వు.

భోజనమైన పిమ్మట పిల్లలము గుంపుగా ఇంటింటికి తిరిగితిమి. ప్రతి యింటను ఏదియో తినుబండారము, ఏదియో చిల్లర. నైరా, కొబో అను కొత్త నాణ్యములు 1973లో వచ్చి అప్పటికి కొన్నేండ్లు గడచినను, ముసలివారు పది కొబోల నాణెమును షిల్లింగు అనియే పిలుచుచుండిరి. సాయంకాలమునకు నా జేబు బరువెక్కినది. ఆ సమయముననే దూరమున జోడు గంటలు, పిల్లనగ్రోవి, చెక్కడోలు వినబడెను. పిల్లలందఱు ఒక్క కేకవేసి పరుగెత్తిరి. మువ్వలు కట్టిన కాళ్ళతో, నిలువెల్ల ఎండుగడ్డియు గుడ్డపేలికలును, చేతిలో కొరడాతో మ్మన్‌వూ వచ్చుచున్నది. అది వేషధారి కాదు. భూమినుండి లేచివచ్చిన పితరుడు. లోపల నెవడున్నాడని అడుగుట అపచారము, స్త్రీలు దగ్గఱకు పోరాదు. గొంతు మనిషి గొంతువలె నుండదు, నోట ఏదియో సాధనముంచుకొని పలుకుదురు. ఇట్టివానిలో ఇజెలె అనునది మహారాజు. ఇంచుమించు నాలుగు మీటర్ల ఎత్తు, దానిని సిద్ధపఱుచుటకు వందమంది ఆఱు మాసములు పాటుపడుదురు, 2009లో యునెస్కో దానిని మానవజాతి వారసత్వపు జాబితాలో చేర్చినది. మా వెంటబడినది అట్టి గొప్పది కాదు, కేవలము పిల్లలను తరుము చిల్లర దయ్యము. ఐనను ఆ పరుగులో మాస్టరుగారి కుమారుని కొత్త బూటు ఒకటి పోయినది. ఎంత వెదకినను దొరకలేదు.

మిషనరీలు ఈ మ్మన్‌వూలను రూపుమాపవలెనని ఎంతయో ప్రయత్నించిరి. ఉదయము చర్చిలో ముందువరుసన కూర్చుండి పాడిన నాయనమ్మ, సాయంకాలము మ్మన్‌వూ ఇంటిముందు ఆగగా, తాను తలుపువెనుకకు తప్పుకొని, మనుమనిచేత డబ్బు పంపినది. మా నాన్నగారు ఊరకుండలేక దీనిని గూర్చి అడుగగా ఆమె చెప్పిన మాటను మాస్టరుగారు ఆంగ్లమున చెప్పిరి, మన మాటలలో అది ఇట్లుండును: "పొద్దున దేవుడికి ఇచ్చాం గదా నాయనా. ఇది మా అత్తింటివాళ్ళకి." పండితులు దీనిని మతసమ్మేళనమని గ్రంథములు వ్రాయుదురు. ఆమెకు మాత్రము అది ఇచ్చిపుచ్చుకొను మర్యాద.

26వ తేదీన పాఠశాల ఆవరణలో చెట్లక్రింద ఊరి సంఘము సమావేశము. దేశమందలి ఏ నగరముననున్నను ఊరివారు ఒక శాఖగా కూడి చందాలు వేసికొందురు; వాని లెక్కలన్నియు క్రిస్మసుకు ఊరిలో చదువబడును. విద్యుత్ స్తంభములకు ఎవరెంత, పాఠశాల గదికి ఎవరెంత, ఇయ్యనివా రెవరు. ఆ కడపటి పట్టిక చదువునప్పుడు కార్యదర్శి గొంతు మఱింత స్పష్టముగ నుండెను. ప్రభుత్వము కట్టింపని బడులును, బాటలును, వైద్యశాలలును ఇగ్బో పల్లెలలో ఎన్నియో ఇట్టి సమావేశములలో పుట్టినవి.

ఆ రాత్రి చావడిలో మాస్టరుగారు మా తండ్రిగారితో చెప్పిన విషయములు నిద్ర నటించుచు నేను వింటిని. 1966లో ఆయన కడూనాలో ఉపాధ్యాయుడు. ఆ సంవత్సరము ఉత్తరదేశమున ఇగ్బోలను ఊచకోత కోయగా లక్షలమంది రైళ్ళలోను లారీలలోను తూర్పునకు పారివచ్చిరి. వారిలో ఆయన ఒకరు. మఱుసటి సంవత్సరము మే 30న బయాఫ్రా యను పేర తూర్పుప్రాంతము వేఱుపడెను. యుద్ధము, దిగ్బంధము, కరవు; ఆకలిచేత పిల్లలు లక్షలుగా రాలిపోయిరి. వెనుదిరిగిపోవు బయాఫ్రా సైనికులే ఒనీచా వంతెనను పేల్చివేసిరి. 1970 జనవరి 15న అంతయు ముగిసెను. యుద్ధానంతరము బయాఫ్రాలోని బ్యాంకు ఖాతాదారులకు, వారు దాచినది ఎంతయైనను, తలకు ఇరువది పౌనులు మాత్రమే ఇచ్చిరి. పోర్టు హార్కోర్టులో ఇగ్బోలు విడిచి వచ్చిన ఇండ్లు విడిచిపెట్టిన ఆస్తులుగా ప్రకటింపబడి, వానిలో అనేకములు పరులపాలయ్యెను. ఇంత చెప్పి మాస్టరుగారు, "అందుకేనండీ, మళ్ళీ జీతం వచ్చాక ఎనుగులో స్థలం కొనలేదు. ముందు ఇక్కడ ఈ రెండు గదులు వేశాను" అనిరి.

ఇగ్బో పల్లెలలో పదునొకండు నెలలు తాళము వేసియుండు మేడలను చూచి పరిహసించువారు నేటికిని కలరు. పరిహాసమునకు తావు లేకపోలేదు. ఒకని కారుకంటె మఱియొకని కారు పెద్దది కావలెనను పంతము, పండుగకు చేసిన అప్పులు, జనవరిలో పిల్లల బడి జీతములకు వెదకులాట, డిసెంబరులో బస్సుల ధరలు మింటికెగయుట, ఇవన్నియు నిజములే. ఇటీవలి యేండ్లలో దారిదోపిడుల భయమును తోడైనది. కాని ఒక రాత్రిలో సమస్తమును విడిచి పరుగెత్తవలసివచ్చిన జాతి, పరుగెత్తి చేరుటకు ఒక తావుండవలెనని ఇల్లు కట్టుకొని, ఏటేట వచ్చి దాని తలుపు తెఱచి చూచుకొనుట వ్యర్థాడంబరమని నేననజాలను.

యుద్ధము తర్వాత బాగుచేసిన ఆ పాత వంతెనయే ఏబదియేండ్లకు పైబడి ఈ జనసమ్మర్దమునంతయు మోసినది. దానికి దిగువన కట్టిన రెండవ నైజర్ వంతెనకు ప్రారంభోత్సవము 2023 మే నెలలో జరిగెను. కాని అంతకు అయిదు నెలలు ముందే, పనులింకను ముగియకుండగనే, 2022 డిసెంబరులో ప్రభుత్వము దానిని క్రిస్మసు ప్రయాణికులకొఱకు తాత్కాలికముగ తెఱచినది. ఆ డిసెంబరులో దానిమీద వాహనములను ఒక్క దిక్కునకే పోనిచ్చిరి, తూర్పునకు. పండుగ ముగిసిన పిదప జనవరిలో, తిరిగిపోవువారికై దిక్కు మార్చిరి.